కోసి దాచిన ఆఖరి పేజీలు

కిందటి వారం మనం ముబశ్శిరాను ఆళ్లగడ్డ గ్రంథాలయం గుమ్మంలో వదిలిపెట్టాం. చెప్పులు విడిచి, కొంగు సర్దుకొని, లోపలికి అడుగు పెట్టబోతున్నదామె. ఆమె రాస్తున్న అపరాధ పరిశోధన నవల ‘కళ్ళు తెరవని విగ్రహం’ ముగింపుకు రాకముందే వారపత్రిక దాన్ని ఆపేసింది. కారణం ఒకే ఒక్క ఫిర్యాదు. ఆ కథ ముబశ్శిరాది కాదట. నంద్యాల బస్టాండు ఎదుట అద్దె పుస్తకాల బంకు నడిపి, కొన్నేళ్ల కిందట కన్నుమూసిన ఆమె తండ్రి పీరాదట. ఆ మాట అన్నవాడు అనామకుడు కాడు. గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు అయ్యవారు లక్ష్మీనారాయణ. “పాఠకుల ఎదుట తేల్చుకొని రండి. తేలితే మీ పేరుతో వేస్తాం. తేలకపోతే మీ నాన్నగారి పేరుతో వేస్తాం” అని సంపాదకుడు ఫోనులో తీర్పు చెప్పాడు.

పేరు. ఆమెకు కావలసింది అదొక్కటే. బహుమతి వద్దు, శాలువా వద్దు, చప్పట్లు కూడా వద్దు. తాను రాసినదాని కింద తన పేరు.

ఆమె లోపలికి అడుగు పెట్టింది.

గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి కదలడం లేదు. కిటికీ అవతల శిల్పుల షెడ్లలో రాయి కోసే మిషను అరుస్తోంది. అది ఆగినప్పుడల్లా దాని వెనక దాగిన ఉలి చప్పుడు బయటపడుతోంది. కుర్చీల మీద పేరుకున్న తెల్లని రాతి దుమ్మును పైట చెంగులతోనూ తువ్వాళ్లతోనూ దులుపుకొని జనం కూర్చున్నారు. వేదిక మీద రెండు కుర్చీలు, ఒక మైకు, మూత పెట్టిన మంచినీళ్ల గ్లాసు. ఒక కుర్చీలో గ్రంథాలయాధికారిణి శ్రీజ కూర్చుంది. కాలేజీ వదిలి ఎంతో కాలం కాని పిల్ల. ముబశ్శిరా నవలలు బల్ల కింద పెట్టుకొని చదివి పట్టుబడిన పిల్ల.

“అక్కా, ముందు అందరూ అడిగేదే అడుగుతా. మీరు ఏం పుస్తకాలు సదువుతారు?”

“ఆఖరి పేజీలు లేనివి” అంది ముబశ్శిరా.

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

“తమాషాకు చెప్పడం ల్యా. మా నాయన బంకులో డిటెక్టివు పుస్తకాలు అద్దెకిస్తాండె. తీస్కపోయినోళ్లు మళ్ల తెచ్చేది ల్యా. చూసి చూసి ఆయన ఒక ఉపాయం చేసినాడు. ప్రతి పుస్తకానికీ ఆఖరి పేజీలు బ్లేడుతో కోసి, పిన్ను గొట్టి, గల్లాపెట్టె కింద దాస్తాండె. పుస్తకం తెచ్చి చేతిలో పెడితేనే ఆ పేజీలు. ఆడనే నిలబడి సదువుకోవల్ల. ఆడనే ఇచ్చి పోవల్ల.”

“ఔనమ్మా!” అని మధ్య వరసలోనుంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. “నేనూ నిలబడి సదివిండా, మిట్టమధ్యాన్నం ఎండలో. హంతకుడు దొరికె, కోయిలకుంట్ల బస్సు పాయె!”

ఈసారి ముబశ్శిరా కూడా నవ్వింది. గదిలో ఒక ముడి వదులైంది.

“ఇంటికి నాకు తెచ్చే పుస్తకాలకు కూడా ఆఖరు ఉండదు తాతా. కూతురని సూడడు. ‘ముందు నువ్వు చెప్పు, తర్వాత నేనిస్తా’ అంటాడు. అన్నం కాడ చెప్పాల. చంపినోడు ఎవడు, ఎట్ల చంపినాడు, ఏటికి చంపినాడు. నేను చెప్పేది, ఆయన పేజీలు తీసి ముందర పెట్టేది. కొన్నిసార్లు నాది తప్పు. కొన్నిసార్లు పుస్తకానిది తప్పు.”

“అవి కాక?”

“పేపర్లో జిల్లా పేజీ. తప్పిపోయినోళ్ల ఫోటోలు, బావిలో దొరికినోళ్ల సంగతులు. ఇంగ, పద్యాలు.”

“పద్యాలా?” ముందు వరసలో కూర్చున్న లక్ష్మీనారాయణ అయ్యవారు తెలియకుండానే ముందుకు వంగాడు.

“పద్యాలే సార్. యతి పడే చోటు కవికి ముందే తెలుసు. మనకూ తెలుసు. ఆ అక్షరం వచ్చేదాకా ఇద్దరమూ కాచుకోని ఉంటాం. వచ్చినంక, ఇది తప్ప ఇంగోటి పడదు గదా అనిపిస్తాది. నా కథలో హంతకుడు కూడా అట్లనే రావల్ల.”

అయ్యవారి తల ఊగబోయి ఆగింది. తాను ఫిర్యాదిని అన్న సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

శ్రీజ రాసే అలవాటు గురించి అడిగింది. ముబశ్శిరా దాచలేదు. ఆమెకు బల్ల లేదు, గది లేదు, తలుపేసుకొనే వేళ లేదు. నంద్యాలలో ఎక్కి ఆళ్లగడ్డలో దిగే బస్సే ఆమె రాతగది. కండక్టరు వెనక సీటు, ఒళ్లో అట్ట, చేతిలో పెన్సిలు. బస్సులో ఉంటే పాలు పొంగవు, కుక్కరు కూయదు, “ఉన్నారా” అంటూ పక్కింటివాళ్లు రారు. శిరివెళ్ల వచ్చేలోపల ఒక అనుమానం పుడుతుంది. ఆళ్లగడ్డ వచ్చేలోపల దానికొక అబద్ధం దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో రెండింటినీ రబ్బరుతో తుడిపేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ సీటులోనుంచి చూసి చూసే తన పరిశోధకురాలిని కనిపెట్టింది: బస్సు కండక్టరు రంగనాయకమ్మ. తుపాకి లేదు, టోపీ లేదు. మనిషి ఎక్కేటప్పుడు చూసిన ముఖం, దిగేటప్పుడు చూసిన ముఖం, ఆ రెండింటి మధ్య తేడా. ఆమె పరిశోధన అంతా అంతే.

“అంతా బాగుంది గాని మేడమ్,” అన్నాడు గోడవారగా నిలబడ్డ ఒక మీసాలాయన, “ఆడమనిషివి. హత్యలు రాసేకి చెయ్యెట్ల వస్తాది మా నీకు?”

“మీ ఇంట్లో కోడిని కోసేదెవురన్నా?”

“మా ఇంటిది.”

“కత్తిపీట ఎవురి కాలి కింద ఉంటాది?”

“దాని కాలి కిందనే.”

“మల్ల భయపడాల్సింది నన్ను చూసి కాదు గదా!”

ఆడవాళ్ల వరసలు ఘొల్లుమన్నాయి. మీసాలాయన కూడా నవ్వి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“మరి విగ్రహం?” అంది శ్రీజ. “ఈ నవల ఆలోచన యాడ పుట్టింది అక్కా?”

ముబశ్శిరా కిటికీ వైపు చూపించింది. “ఆడనే. వానాకాలం ఒక దినం బస్సు ఈడ ఆగింది. ఒక షెడ్డు ముందర నరసింహస్వామి విగ్రహం రెండు దుంగల మీద ఎల్లెలకల పండుకోని ఉండాది. గోర్లు చెక్కినారు, జూలు చెక్కినారు, కళ్ళు చెక్కలే. ఏందప్పా ఇట్ల అని అడిగితి. కళ్ళు అన్నిటికన్నా ఆఖరంట, ప్రతిష్ఠ దినమంట. అంతవరకూ స్వామి చూడడు. అప్పుడు అనుకుంటి: ఆయన ముందర ఎవురన్నా ఎవురినన్నా చంపితే? దేవుడు కూడా సాక్షి కాని హత్య అయితాది గదా!”

గదిలో నవ్వు అణిగింది. రాయి కోసే మిషను కూడా సరిగ్గా అప్పుడే ఆగింది. వెనక వరసలో తెల్లచొక్కాల యువకులిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముబశ్శిరా చూపు వాళ్ల మీద ఒక్క క్షణం నిలిచి దాటిపోయింది. వాళ్లెవరో ఆమెకు తెలియదు.

అప్పుడు లక్ష్మీనారాయణ అయ్యవారు లేచాడు. ఉత్తరీయం సవరించుకున్నాడు. బడిలో పాఠం మొదలుపెట్టేటప్పటి గొంతు సవరించుకున్నాడు.

“సభాసదులారా! నాకు ఈ అమ్మాయి మీద ద్వేషం లేదు. ఆమె సంభాషణ చతురం, జ్ఞాపకశక్తి మెచ్చదగినది. కాని నేను నలభై ఏళ్లు వాక్యాలు దిద్దినవాణ్ణి. ఈ నవలలోని వాక్యం చెయ్యి తిరిగిన వాక్యం. బరువు తెలిసిన వాక్యం. అది వయసు మళ్లిన పురుషుని వాక్యం.”

“సార్,” అంది ముబశ్శిరా, “వాక్యానికి మీసాలుంటాయా?”

నవ్వులు మళ్లీ లేచాయి. అయ్యవారు చెయ్యెత్తి వాటిని అణిచాడు.

“నా ఊహను పక్కన పెట్టండి. సాక్షి ఉన్నప్పుడు ఊహతో పనేమి? ఈ నవలను పీరా రాస్తుండగా కళ్లారా చూసిన మనిషి ఈ సభలోనే ఉన్నది.” ఆయన ఆడవాళ్ల వరసల వైపు తిరిగాడు. “లేవమ్మా, మదార్‌బీ.”

ముబశ్శిరా చేతిలోని గ్లాసు మూత కింద పడి దొర్లుకుంటూ పోయింది.

మూడో వరస చివర, తలనిండా ముసుగు కప్పుకొని, ఇంతసేపూ ముఖం దాచుకొని కూర్చున్న మనిషి మెల్లగా లేచింది. పొద్దున బస్సుకు బయలుదేరేటప్పుడు ఇంటి గుమ్మంలో నిలబడి, “జాగ్రత్త” అని చెప్పి పంపిన తల్లి. నంద్యాలలో ఇంట్లో ఉన్నదనుకున్న తల్లి.

“చెప్పమ్మా. ఈ కథ ఎవరు రాశారు?”

మదార్‌బీ నేల వైపు చూస్తూ చెప్పింది. “మా ఆయన రాసినాడు. నేను సూసినా. ఈ పిల్ల దాన్ని సూసి రాసింది, అంతే.”

ఫ్యాను రెక్క ఒకటి కమ్మీకి తగులుతూ టకటకమంటోంది. శ్రీజ మైకు మీద చెయ్యి పెట్టి, “అందరూ టీ తాగండి” అని మాత్రం అనగలిగింది.

పక్కనే వార్తాపత్రికల గది ఉంది. ముబశ్శిరా తల్లి చెయ్యి పట్టుకొని అందులోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

“ఏటికి మా?” అంది. “ఏటికట్ల చెప్పినావు?”

“నువ్వు బతకాల గదా.”

“నా పేరు తీసేస్తే నేను బతుకుతానా?”

“పేరు ల్యాకపోతే మనిషికి ఏం కాదు మ్మే. అన్నం దిగుతాది, నిద్ర పడతాది. నేను బతకలేదా? పీరా పెండ్లాం, ముబశ్శిరా అమ్మ. మదార్‌బీ అని నన్ను పిలిచి ఎన్నేండ్లయింది? ఈ పొద్దు ఆ అయ్యవారు పిలిచె.”

తల్లి ముసుగు వెనక్కు తోసి, గొంతు తగ్గించింది.

“ఈ ఊర్లో రాళ్ల షెడ్డు రంగయ్య అని ఒకాయన సచ్చిపాయె, కిందటి చలికాలం. గొలుసు తెగి బండ మీద పడిందని పేపర్లో వేసిరి. నీ కథలో వాడెవడో ఆ మాదిరే పోతాండాడు. నెల కిందట నువ్వు బజారుకు పోయినప్పుడు ఇద్దరు మగపిల్లోళ్లు ఇంటికొచ్చిరి. బొలెరోలో. మర్యాదగానే మాట్లాడిరి. ‘మీ పాపకు ఇదంతా ఎవురు చెప్తాండారు పెద్దమ్మా?’ అని అడిగిరి. మంచినీళ్లు తాగిరి. లోటా కింద పెట్టి, ‘పాప ఏ బస్సుకు పోతాది, ఏ బస్సుకు వస్తాది?’ అని అడిగిరి.”

ముబశ్శిరా వీపు గోడకు ఆనింది.

“నాకు ఏం తోచలే. ‘ఆ పిల్లకు ఏం తెలుసు నాయనా, అదంతా మా ఆయన రాసి పెట్టిపోయిండేది’ అంటి. అంతే, వాళ్ల ముఖాలు సల్లబడె. లేచి పాయిరి. ఆ మాట ఈ ఊరంతా తిరిగి అయ్యవారి చెవిన పడె, ఆయన నాకు ఫోన్ చేసి అడిగితే ఔనంటి. ఆయనకేం తెల్దు పాపం, నిజమే అనుకునె.” ఆమె కూతురి రెండు చేతులూ పట్టుకుంది. “సచ్చిపోయినోణ్ణి ఎవురేం జేస్తారు మ్మే? ఆయన గోరీ మీదికి బొలెరో ఎక్కిస్తారా? కథ రాయి. ఎన్నన్నా రాయి. మీ నాయన పేరు పెట్టు.”

“నాయనను ముందర నిలబెట్టి నేను ఎనక దాక్కోవాల్నా?”

“దాక్కో. తప్పేముంది?”

“మా, నేను ఆ రంగయ్యను సూసింది గూడ ల్యా. పేపర్లో నాలుగు లైన్లు సదివినా. దాంట్లోనుంచి బండ తీసుకుంటి. మనిషిని తీసుకోలే.”

“అది నువ్వు నాకు చెప్తాండావు. వాళ్లకెవురు చెప్పాల? ఈ పొద్దు కూడా వచ్చిండారు. తెల్లచొక్కాలు. ఎనక వరస.”

ముబశ్శిరా తలుపు సందులోనుంచి చూసింది. టీ గ్లాసులు తిరుగుతున్నాయి. ఆ ఇద్దరూ టీ తీసుకోలేదు.

తన నవల తనదని చూపడానికి ఆమె దగ్గర ఒక దారి ఉంది. ఒకే ఒక్క దారి. అది ఆఖరి పేజీలకని దాచిన మాటను చెప్పేయడం. కథ అంతటినీ మోసే ముడిని పాఠకుల ఎదుట తన చేత్తో తానే విప్పేయడం. తండ్రి గల్లాపెట్టె దగ్గర పెరిగిన పిల్లకు అంతకన్నా పెద్ద పాపం లేదు. పుస్తకం తిరిగి తేనివాడికి ఆయన ఒక్క వాక్యమైనా చెప్పలేదు. బతిమాలినా చెప్పలేదు, బెదిరించినా చెప్పలేదు. ముడి విప్పేస్తే ఆ నవల ఇంక ఎవరిని కూర్చోబెడుతుంది? ఎవరిని కాచుకొని ఉండమంటుంది?

“మా, నాకొక దారి ఉండాది. చెప్తే కథ సచ్చిపోతాది. పేరు బతుకుతాది.”

“పేరు బతికి నువ్వు?”

“నీకు గ్యాపకముందా? నాయనకు జరమొచ్చి బంకులో నువ్వు కూచున్నప్పుడు, ఎవడో కాలేజీ పిల్లోడు ఆఖరి పేజీలు జోబులో పెట్టుకోని పరిగెత్తె. నువ్వు బజారెంబడి వాన్ని తరుముకుంటా పోయి, మటను అంగడి కాడ కాలరు పట్టుకోని గుంజుకొస్తివి.”

“అప్పుడు వయసు.”

“చిరిగిపోయిన కాగితాలు మా అవి. వాటి కోసం తరిమినావు.”

మదార్‌బీ కూతురి చేతులు వదల్లేదు. ముబశ్శిరాయే ఒక్కొక్క వేలూ విడిపించుకొంది. మెల్లగా విడిపించుకొంది, నొప్పి పుట్టకుండా విడిపించుకొంది. తలుపు తీసింది.

వేదిక ఎక్కింది. మైకు గరగరమంది, దాన్ని పక్కకు తోసేసింది. ఇంత జనం ఎదుట ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది.

“అయ్యవారూ, మూడో భాగం సదివినారా?”

“చదవకుండా ఫిర్యాదు చేస్తానా?”

“చచ్చిపోయినాయన జోబులో బస్సు టికెట్టు దొరుకుతాది. రంగనాయకమ్మ ఏం చేసింది?”

లక్ష్మీనారాయణ కళ్లు మూసుకొని, పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. “ఆ టికెట్టును వెలుతురులో పెట్టి చూసింది. చూసి నవ్వింది. తిరిగి ఆ జేబులోనే పెట్టింది.”

“ఏటికి నవ్వింది?”

అయ్యవారు కళ్లు తెరిచాడు. ఆ ప్రశ్న పాఠకులను కొన్ని వారాలుగా తొలుస్తూనే ఉంది. జనం కుర్చీల్లో కదిలారు.

“దొంగ టికెట్టు!” అన్నారెవరో.

“కాదు, అది ఆమె ఇచ్చిన టికెట్టే. వాన్ని గుర్తుపట్టింది.”

“దిగాల్సిన ఊరు దాటి దిగినాడప్పా, అందుకు!”

“ఇన్ని దినాల నుంచి నేనదే చెప్తాండా, వాడు అసలు బస్సే ఎక్కలేదని!” అని ముసలాయన కర్ర నేలకు కొట్టాడు.

“నీది సగం నిజం తాతా” అంది ముబశ్శిరా. ఒక్క ఊపిరి తీసుకుంది. తండ్రి గల్లాపెట్టెను మనసులోనే ఒక పక్కకు జరిపింది. “అది సున్నా టికెట్టు.”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

“బస్సెక్కితే మాకు, ఆడోళ్లకు, ఇప్పుడు దుడ్లు ల్యాకుండా ఇస్తారే, ఆ టికెట్టు. చార్జీ కాడ సున్నా కొట్టి ఉంటాది. మగోనికి అది ఏ కండక్టరూ ఇయ్యదు. పోలీసులు మగోళ్లను ఎతుకుతాండారు. పగోళ్లను, పాలోళ్లను, కూలోళ్లను, అందరినీ స్టేషనుకు తెస్తాండారు. టికెట్టు మాత్రం ఆయన జోబులో కూర్చోని చెప్తాండాది: ఆ దినం ఆయన కాడికి ఒక ఆడమనిషి వచ్చింది అని. అది సూసి రంగనాయకమ్మ నవ్వింది. నా కథ మొత్తం ఆ నవ్వు మీద నిలబడి ఉంది. ఆ నవ్వు తీసేస్తే కథ ల్యా.”

ఆమె లక్ష్మీనారాయణ వైపు తిరిగింది.

“ఇప్పుడు మీరు చెప్పండి సార్. మా నాయన కన్నుమూసే నాటికి ఆడోళ్లు బస్సులో దుడ్లిచ్చి టికెట్టు కొంటాండిరి. ఆయన సున్నా టికెట్టు కంటితో చూడలే. చూడనిదాన్ని మూడో భాగంలో ఎట్ల దాస్తాడు?”

మొదట ఆడవాళ్ల వరసల్లో గుసగుస పుట్టింది. తరువాత నవ్వు పుట్టింది. ఆ తరువాత, అడగకుండానే, చప్పట్లు పుట్టాయి. లక్ష్మీనారాయణ కళ్లద్దాలు తీసి ఉత్తరీయంతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఆయన నోటి వెంట బడి భాష రాలేదు.

“ఆ నవ్వుకు ఇంగో అర్థం కుదరదు గదమ్మా! ఎట్ల తోచలేదు నాకు? రోజూ మా ఇంట్లో ఆ టికెట్లు బియ్యం డబ్బా మీద పడి ఉంటాయి.” ఆయన సభ వైపు తిరిగి చేతులు జోడించాడు. “ఇది ఈ పాప రాసిందే. సంపాదకునికి నేనే చెప్తా. ఈ పొద్దే చెప్తా.”

“అయితే ఆ వచ్చిన ఆడది ఎవురు మేడమ్?” అని అరిచాడు మీసాలాయన.

“దుడ్లు పెట్టి పత్రిక కొనన్నా!”

నవ్వులు తగ్గేదాకా ఆమె ఆగింది. తరువాత వెనక వరస వైపు చూసింది. సూటిగా చూసింది. గొంతు తగ్గించలేదు.

“నా పేరు ముబశ్శిరా. పీరా కూతుర్ని. ఇల్లు నంద్యాల బస్టాండు ఎనక సందులో. పొద్దున మొదటి బస్సుకు వస్తా, మధ్యాన్నం బస్సుకు పోతా, కండక్టరు ఎనక సీటు. కథలో ప్రతి అక్షరమూ నాదే. ఎవురికన్నా ఏమన్నా అడగాలని ఉంటే నన్నడగండి. నేను ల్యానప్పుడు ఇంటికొచ్చి మా అమ్మను అడగొద్దండి.”

తెల్లచొక్కాల వాళ్లలో ఒకడు లేచి నిలబడ్డాడు. జనం తలలు తిప్పారు. మదార్‌బీ వార్తాపత్రికల గది గుమ్మంలో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొంది.

కాని అతను నోరు తెరిచేలోపల, అయిదో వరసలోనుంచి ఇంకొక మనిషి లేచింది. నలిగిన నేతచీర, బొట్టు లేని నుదురు, రాతి దుమ్ము అంటిన కాళ్లు. దారి ఇస్తూ పక్కవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. “జయలక్ష్మమ్మ... రంగయ్య పెండ్లాం” అని ఎవరో ఎవరికో చెవిలో చెప్పారు. ఆమె నడుమ దారిలోకి వచ్చి, వేదికకు కొంచెం దూరంలో ఆగింది.

“తల్లీ, ఆ టికెట్టు సంగతి నీకెవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదమ్మా. నేనే కల్పించినా.”

“కల్పించినావా?” జయలక్ష్మమ్మ ఆ మాటను నోట్లో తిప్పుకొని చూసింది. “మా ఆయన చొక్కా నా చేతికిచ్చినప్పుడు జోబులో అది ఉండె. సున్నా టికెట్టు. పొయ్యిలో వేస్తి. ఆ సంగతి మనిషికి చెప్పలే, దేవునికి చెప్పలే.”

“అత్తా!” తెల్లచొక్కా మనిషి కుర్చీలు తోసుకుంటూ ముందుకు వస్తున్నాడు. “నీకు ఒంట్లో బాగల్యా. ఇంటికి పోదాం దా.”

“పోను రా.”

“అత్తా, చెప్తాండేది నీకే.”

“ఇన్ని దినాలు నువ్వు చెప్పిందే నేను చెప్తి. ఆ పొద్దు నంద్యాలలో ఉంటినని చెప్పమంటివి, చెప్తి. ఏలుముద్ర వేయమంటివి, వేస్తి.”

అతను ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆ చేతికి భుజం అందలేదు. ముబశ్శిరా ఎప్పుడు వేదిక దిగిందో, ఎట్లా ఆ ఇరుకు దారిలోకి వచ్చిందో, ఆమెకే తెలియదు. అతనికీ జయలక్ష్మమ్మకూ నడుమ నిలబడింది. భుజాలు సన్నవి, అయినా నిలబడింది. ఆమె పక్కకు శ్రీజ వచ్చింది. శ్రీజ పక్కకు, ఉత్తరీయం నడుముకు బిగిస్తూ, లక్ష్మీనారాయణ అయ్యవారు వచ్చాడు.

“జరగండి” అన్నాడు తెల్లచొక్కా మనిషి. “ఇది మా ఇంటి సంగతి.”

“ఆమెను మాట్లాడనీ అన్నా” అంది ముబశ్శిరా.

వాళ్ల వెనకనుంచి జయలక్ష్మమ్మ గొంతు వినిపించింది. అది ఏడుపు గొంతు కాదు. చాలాకాలం మూసి ఉంచిన గది తలుపు తెరిచినప్పటి గొంతు.

“నేను నంద్యాలలో ల్యా. పొద్దున్నే ఆడ బస్సెక్కి ఈడికొస్తి. ఆయనకు సద్ది తెస్తి. నా టికెట్టు ఆయనే తీసి జోబులో వేసుకునె. ఆ షెడ్డులోనే ఉంటి, విగ్రహం అవతల. గొలుసు తెగలే తల్లీ. ఇప్పినారు.”